సాలెవాడ కిరీటం, సుగుణ పేరు

సుగుణ గెలిచిన మొదటి గెలుపు ఢిల్లీలోదీ కాదు, బెల్జియంలోదీ కాదు. పందొమ్మిది వందల తొంభై ఒకటిలో, ఉగాది దాటిన వారానికి, గద్వాల సాలెవాడలో, ఆరుబయట రాత్రంతా ఆడే బయలాటలో అప్పటిదాకా మగవాళ్ళు తప్ప ఎవరూ పెట్టుకోని కిరీటాన్ని పదిహేడేళ్ళ ఆ పిల్ల తలకెత్తుకుని రాణి వేషం కట్టింది. ఈ మాట ముందు రాయకుండా ఆమె గురించి ఎవరు ఎంత రాసినా అది తలలేని రాతే. ఈ మధ్య చాలామంది రాశారు. ఒకరు "విదేశీ వ్యాపారి" అన్నారు. ఒకరు "కళాఖండాల దళారి" అన్నారు. ఇంకొకాయన పేరు కూడా రాయకుండా "గద్వాలకు చెందిన ఒక మహిళ" అని సరిపెట్టాడు. వీళ్ళలో ఒక్కరికైనా సాలెవాడ దాకా వచ్చి సుగుణ మేనత్త జములమ్మను అడుగుదామని తోచలేదు.

అడిగి ఉంటే జములమ్మ చెప్పేది. డెబ్బైనాలుగేళ్ళు వచ్చినా పొద్దున్నే రాట్నం ముందు కూర్చుని మేనల్లుడు సుమన్ మగ్గానికి కండెలు చుడుతుంది. చెయ్యి ఆగదు, నోరూ ఆగదు. సుగుణను ఎవరైనా ఒక మాట అంటే మాత్రం చెయ్యి ఆగుతుంది, నోటికి రెట్టింపు పని పడుతుంది.

బయలాట ఆడే సాలెవాడ మేళానికి ఒక పెట్టె ఉంది. పొనికి కర్రతో చెక్కి రంగులేసిన కిరీటం, రెండు భుజాలకూ రెక్కల్లాగా కట్టుకునే భుజకీర్తులు, గజ్జెలు అందులో ఉంటాయి. ఆ పెట్టె ఏ ఒక్కరిదీ కాదు, వాడలోని ముప్పై ఇళ్ళది. ఏటా ఆట అయిపోగానే వంతు ప్రకారం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతుంది. పెట్టె ఎవరింట్లో ఉంటే ఆ ఏడు మొదటి వేషం ఆ ఇంటివాళ్ళది. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఇచ్చేవాళ్ళు పెట్టె మూసి ఇస్తారు, పుచ్చుకునేవాళ్ళు మూసింది మూసినట్టే పుచ్చుకుంటారు. ఇచ్చినవాళ్ళ ముందు మూత తీసి చూడడమంటే వాళ్ళను దొంగలన్నట్టే. తాతల కాలం నుంచి ఎవరూ అలా చూసి ఎరగరు.

ఆ ఏడు పెట్టె సుగుణ తండ్రి తుకారాం ఇంట్లో ఉంది. వాడలో అందరికన్నా పెద్ద మగ్గాల సాల అతనిదే కాబట్టి మేళం ఆట నేర్చుకునేది కూడా అక్కడే. సుగుణ చిన్నప్పటి నుంచీ మగ్గం గుంటలో కూర్చుని నేస్తూ, పక్కన మద్దెల మోగితే కాళ్ళతో ఆ దరువునే తొక్కేది. ఒకసారి మామిడిపిందెల అంచు నేస్తూ నేస్తూ దరువులో పడిపోయింది. పిందెకు పిందె అతుక్కుంది, ఒక పిందె తలకిందులైంది. మూరన్నర అంచు పాడైతే తుకారాం చూసి, ఏమీ అనకుండా కత్తిరించి పక్కన పడేశాడు. జములమ్మ తీసి దాచింది. ఎందుకే అని తుకారాం అడిగితే, "పట్టు గద, పారేస్తరా?" అంది.

తుకారాం మెత్తని మనిషి. గట్టిగా మాట్లాడి ఎరగడు. అలాంటివాడు మేళం కూర్చున్న రోజు లేచి నిలబడ్డాడు.

"పెట్టె మా ఇంట్ల ఉంది. మొదటి వేషం మాది. మా సుమన్‌గానికి ఇంక ముక్కు తుడ్సుకునుడే రాదు. మా సుగుణ కడ్తది."

మేళం గొల్లుమంది. ఐదేళ్ళుగా వంతు వచ్చిన ఇళ్ళవాళ్ళ బదులు తనే రాణి వేషం కడుతున్న ఈరన్న అప్పటికే మీసం తీయించుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఏంది తుకారామన్నా, గిట్లంటవ్? ఆడపిల్ల కిరీటం పెడ్తె మేళం పరువేం గావాలె? నేను మీసం గూడ తీయించుకుంటి."

"మీసందేముందిరా ఈరన్నా," అంది జములమ్మ గడప దగ్గర నుంచే. "నెల తిరిగేసరికి అదే వస్తది. మా ఇంటి వంతు పోతె మళ్ళ ముప్పై ఏండ్లకు గాని రాదు. ఐదేండ్ల సంది నువ్వు మూతి గొరిగించుకొని ఆడదానివైతె పోని పరువు, నిజం ఆడపిల్ల కడ్తె పోతదా?"

మద్దెల ఆయనే ముందు నవ్వాడు. ఆయన నవ్వాక మిగతావాళ్ళకు కాదనడం కష్టమైంది.

కిరీటం మగవాళ్ళ తలకు చేసింది. సుగుణ తలమీద బోర్లించిన గిన్నెలా తిరిగింది. జములమ్మ దాచిన అంచుముక్క తెచ్చి, తుమ్మజిగురు రాసి, కిరీటం లోపల చుట్టూరా అంటించింది. అప్పుడు కుదురుగా నిలిచింది. తప్పు పట్టడానికి వచ్చి వెనక వరుసలో నిలబడ్డవాళ్ళు ముందుకు జరిగి కూర్చుని, తెల్లవారేదాకా లేవలేదు. చివరికి మద్దెల ఆయన, "నా వేళ్ళు పోయినయి తల్లీ, ఇగ ఆపు" అని తనే చేతులెత్తాడు. మరుసటి ఏడు ఈరన్న రాణి వేషం అడగలేదు, రాజు వేషానికి మారాడు. పెంచిన మీసం అక్కరకొచ్చింది.

ఆ తర్వాత సుగుణ సాధించినవి రాయాలంటే చాలానే ఉన్నాయి. వనపర్తిలో డిగ్రీ చదువుతూ మూడేళ్ళూ కళాశాల వేదిక మీద నాట్యంలో మొదటి బహుమతి తెచ్చుకుంది. హైదరాబాదులో ఒక పాఠశాలలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతూ, సాయంత్రాలు కూచిపూడి నేర్చుకుంది. ఢిల్లీలో ఆడింది. సొంత బృందం కట్టింది. జర్మనీ, ఫ్రాన్సు, జపాను, బెల్జియం, ఇంకా ఎన్నో దేశాల్లో ఆడింది. ఎక్కడికి పోయినా కార్యక్రమం చివర్లో పావుగంట మన బయలాట అడుగులు వేయకుండా దిగలేదు.

ఇన్ని దేశాలు చప్పట్లు కొట్టిన మనిషికి సొంత జిల్లాలో దొరికిన మర్యాద కూడా రాయాలి. రెండువేల ఆరులో, గద్వాల, నాగర్‌కర్నూల్ ఇంకా ఒకే జిల్లాలో ఉన్నప్పుడు, నాగర్‌కర్నూల్‌లో ఒక సభ పెట్టి ఆమెను పిలిచారు. సాయంత్రం ఐదింటికి గజ్జె కట్టించి కూర్చోబెట్టారు. వచ్చిన నాయకుడల్లా మాట్లాడాడు, రానివాళ్ళ తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడారు. దండలు, శాలువాలు అయ్యాక ఆమెను పిలిచి, పాట సగంలో ఉండగానే మైకులవాళ్ళు తీగలు చుట్టడం మొదలుపెట్టారు. సుగుణ దిగిపోలేదు. తాళం నోటితో వేసుకుని ఆట పూర్తి చేసింది. చివర్లో ముందు వరుసలో ఉన్నది జములమ్మ, కుర్చీలు మడిచేవాళ్ళు. మర్నాడు పేపర్లో నాయకుల పేర్లన్నీ ఉన్నాయి. ఆమె పేరు లేదు. "నృత్య ప్రదర్శన అలరించింది" అని ఉంది. ఎవరి నృత్యమో, ఎవరిని అలరించిందో ఆ రాసినాయనకే తెలియాలి.

రెండువేల తొమ్మిదిలో బ్రస్సెల్స్ నగరంలో ఆడుతుండగా మోకాలు తిరిగింది. రెండుసార్లు కోశారు. నడవొచ్చు, ఎగరొద్దు అన్నారు అక్కడి డాక్టర్లు. ఈ కబురు సాలెవాడకు చేరగానే, "ఆట అయిపాయె, ఇగ వాపసొస్తది" అని నోళ్ళు నొక్కుకున్నవాళ్ళు కొందరు, లోపల సంతోషపడ్డవాళ్ళు కొందరు. సుగుణ వాపసు రాలేదు. బ్రస్సెల్స్‌లోనే తెలిసినామె ఒకావిడ బొమ్మల దుకాణం నడుపుతుంటే అందులో పనికి కుదిరింది. గ్యాలరీ అంటారు దాన్ని. అక్కడ బొమ్మలకు గుడ్డ చుట్టడం, పెట్టెల్లో సర్దడం, గోడకు మేకులు కొట్టడం దగ్గర మొదలుపెట్టింది.

ఒకరోజు పని మీద ఇంకో గ్యాలరీకి పోతే అద్దాల బీరువాలో ఒక తోలుబొమ్మ కనిపించింది. దాని కింద చీటీ మీద "దక్షిణ భారతం, కళాకారుడు తెలియదు" అని ఉంది. ఆ రోజు జములమ్మకు ఫోన్ చేసి గంటసేపు ఆ ఒక్క చీటీ గురించే మాట్లాడింది.

"తెల్వదంట అత్తా! తెల్వకుండుడేంది? బొమ్మ ఆకాశం నుంచి పడ్డదా? ఆ ఊరికి పోయి అడిగితె చెప్పరా? అడిగినోడే లేడు!"

"మనదగ్గరోళ్ళే అడగరు గదనే," అంది జములమ్మ. నాగర్‌కర్నూల్ సంగతి ఆమె ఎప్పటికీ మరవదు.

ఆ కోపంలో నుంచే సుగుణ రెండో జీవితం పుట్టింది. రెండువేల పన్నెండులో సొంత గ్యాలరీ తెరిచింది. ఆమె వ్యాపారానికి ఒకటే కట్టుబాటు. చేసినవాళ్ళ పేరు, ఊరు తెలియని వస్తువు అమ్మదు. కొనేవాళ్ళు బతిమాలినా అమ్మదు. పేరు కనుక్కునేదాకా ఏడాదైనా, రెండేళ్ళయినా వస్తువును పక్కన పెడుతుంది. కొన్నాక కొన్న దొరను, చేసిన మనిషిని ఫోన్లో ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. అలా చెక్కబొమ్మలు చేసేవాళ్ళు, గుడ్డమీద బొమ్మలు వేసేవాళ్ళు, నేతవాళ్ళు ఎందరి పేర్లో లండన్‌లో, టోక్యోలో గోడల మీదికెక్కాయి. తుకారాం నేసిన చీరను గోడ నిడివికి పరిచి, పక్కన ఆయన పేరు, సాలెవాడ పేరు రాసి పెట్టింది. ఆ ఫోటో చూపిస్తే తుకారాం కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"కొంగు తిరగేసి కట్టిండ్రు" అన్నాడు.

మర్నాడే సరిచేయించింది సుగుణ. రెండువేల పద్దెనిమిదిలో తుకారాం పోయేనాటికి ఆయన చీరలు నాలుగు దేశాల్లో ఉన్నాయి. ఆయన పేరుతోనే ఉన్నాయి. అయినా వాడలో మాట మారలేదు. అప్పుడు "ఆటగత్తె" అన్నవాళ్ళే ఇప్పుడు "పాతసామాన్ల సుగుణ" అన్నారు. నల్లా దగ్గర ఒకామె ఆ మాట అంటే జములమ్మ బిందె కింద పెట్టేసింది.

"అవునే, పాతసామాన్లదే. నిన్ను గూడ కొంటదేమో అడుగుత. కానీ నీకు పేరుండాలె. అట్లయితెనే తీసుకుంటది."

ఇక అసలు సంగతికి రావాలి. ఈ రాతకు కారణం ఆ సంగతే.

కరోనా వచ్చి మూడేళ్ళు బయలాట ఆగింది. ఆ మూడేళ్ళూ పెట్టె ఈరన్న ఇంట్లోనే ఉండిపోయింది. అప్పటికి ఈరన్నే మేళం పెద్ద. రెండువేల ఇరవైమూడులో మళ్ళీ ఆట మొదలైనప్పుడు ఈరన్న పెట్టెలో నుంచి తళతళలాడే కొత్త కిరీటం తీశాడు. కర్రది కాదు, అచ్చుపోసి బంగారు రంగు కొట్టినది. బల్బు వెలుగులో కళ్ళు చెదిరాయి. వాడంతా చప్పట్లు కొట్టింది. అది ఎక్కడిదని అడిగినవాళ్ళున్నారు గానీ, పాతది ఏమైందని అడిగినవాళ్ళు లేరు. ఆట అయ్యాక పెట్టె వంతు సుమన్ ఇంటికి వచ్చింది. మూసి ఇచ్చారు, మూసి తీసుకున్నాడు. మరుసటి జనవరిలో సుగుణ వచ్చి పదిరోజులు తమ్ముడి ఇంట్లో ఉండి వెళ్ళింది.

నిరుడు శ్రావణమాసంలో బ్రస్సెల్స్‌లోనే ఒక పాతవస్తువుల దుకాణంలో సుగుణకు ఒక కర్ర కిరీటం కనిపించింది. చేతిలోకి తీసుకుని తిరగేసింది. లోపల చుట్టూరా ఎర్రపట్టు అంచుముక్క. పిందెకు పిందె అతుక్కుంది, ఒకటి తలకిందులుగా ఉంది. అక్కడే కూర్చుండిపోయిందట. కింద చీటీ మీద మళ్ళీ అదే మాట, "కళాకారుడు తెలియదు."

వెంటనే వీడియో తీసి సాలెవాడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "ఇది మన కిరీటం. ఇక్కడికెట్ల వచ్చింది? ఎవరికన్న తెలుసా?" అని అడిగింది. అడగడమే ఆమె చేసిన నేరమైంది.

వాడ యువజన సంఘం అధ్యక్షుడు గణేష్‌కు ఫ్లెక్సీ మీద ఫోటో వేయించుకోవడానికి ఏదో ఒక కారణం కావాలి. ఆ వీడియోను ఊరంతా తిప్పి, మైకు పెట్టించి, సంఘం హాలులో మీటింగు పెట్టాడు.

"పెట్టె మూసి ఇచ్చిండ్రు, మూసి తీసుకున్నరు," అన్నాడు మైకులో. "లోపల పాత కిరీటం ఉండెనో లేదో సుమనన్ననే చెప్పాలె. జనవరిల వాళ్ళక్క వచ్చింది, పోయింది. ఇప్పుడు కిరీటం ఆమె ఉండే ఊర్లనే తేలింది. ఆమె చేసేది గూడ గదే వ్యాపారం. నేనేం అంటలేను, మీరే ఆలోచించుండ్రి."

"నేను తీసినప్పుడు పెట్టెల కొత్తదే ఉండె, పాతది ఏడనో దాచిండ్రనుకున్న. మా అక్క దొంగతనం చేస్తె మీకెందుకు వీడియో పంపుతది?" అన్నాడు సుమన్. తండ్రిలాగే మెత్తని గొంతు. మైకు ముందు అది వినిపించలేదు.

ముప్పై ఇళ్ళ పెద్దలూ జమ్మిచేడు అమ్మవారి గుడికి పోయి, కర్పూరం వెలిగించి, "మా ఇంట్ల ఎవరం కిరీటం అమ్మలేదు" అని ప్రమాణం చేశారు. ఈరన్న కూడా చేశాడు. ఎవరూ అమ్మకపోతే ఇక మిగిలింది సుగుణే కదా! ఆ రోజే తీర్మానం చేశారు. తుకారాం ఇంటికి ఇక మీద పెట్టె వంతు లేదు. మైకులోనే చదివారు. సుగుణ పేరు తీసి, దొంగ అనే మాట కూడా మైకులోనే అన్నారు. ఆమె ఏ గెలుపునూ ఇంత గట్టిగా చాటని వాడ, ఆ ఒక్క మాటకు మాత్రం మైకు పెట్టింది. జములమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. రాట్నమూ ముట్టలేదు.

ఫోన్లో సుగుణ ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు.

"అత్తా, ఏడ్సుడు తర్వాత. కిరీటం సంగతి జూడాలె. ఇక్కడి దుకాణమాయన మంచోడే. పైకంతో కొంటే అమ్మినట్టే అయితది, అట్ల వద్దన్న. వాడోళ్ళు తమ నోటితోని 'ఇది మాది, ఎవరో ఒక్కరు ఇచ్చేది గాదు' అని చెప్తె వాపసిస్త అన్నడు. నవంబరు దాటితె వేలంల పెడ్తడు. వేలంల పోతె ఇగ మనకు చిక్కదు."

"చెప్పిస్త," అంది జములమ్మ.

చెప్పించడం అంత సులువు కాలేదు. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఒకాయన, "మాదని చెప్తె, ఎట్ల పోయిందని అడుగుతరు. ఎందుకొచ్చిన పరేషాన్?" అన్నాడు. ఇంకొకాయన, "కొత్తది మంచిగనే ఉంది గదక్కా, పాతదెందుకు?" అన్నాడు. కిరీటం పోయిందని సుగుణను దొంగ అన్నవాళ్ళే, ఆ కిరీటం తెచ్చుకోవడానికి ఒక్క మాట చెప్పమంటే వెనక్కి తగ్గారు. ఇలాంటి న్యాయం ఎక్కడైనా ఉంటుందా?

దసరా పోయింది, దీపావళి పోయింది. నవంబరు మూడో వారంలో జములమ్మ సుమన్ ఫోన్ పట్టుకుని సంఘం హాలుకు పోయి, పెద్దలు కూర్చున్న చాప మధ్యలో కూర్చుంది. ఇంకాసేపట్లో సుగుణ, ఆ దుకాణమాయన వీడియోలోకి వస్తారని చెప్పింది. "మీరు మాట్లాడేదాక నేను లేవ. పానం పోతె ఇక్కడ్నే పోత, దవాఖానకు గూడ మీరే తీస్కపోవాలె" అంది. ఈరన్న నేల చూశాడు.

ఆ సమయానికి ఈరన్న కోడలు శైలజ టీ గ్లాసుల పళ్ళెంతో లోపలికి వచ్చింది. కాసేపు విన్నది. ఆమెకు ఈ తతంగం అర్థం కాలేదు.

"మామా, దీనికింత లొల్లెందుకు? అమ్మలేదు, మార్చుకున్నమని చెప్పుండ్రి. అయిపాయె గద?"

ఈరన్న చెయ్యెత్తి కోడలిని ఆపబోయాడు.

"ఏం మార్చుకున్నరే?" అంది జములమ్మ.

"పాత కిరీటం పెద్దమ్మా. మూడేండ్ల కింద వనపర్తికి మా అమ్మగారింటికి పోతుంటె మామ గూడ వచ్చె. బస్సుల నా ఒళ్ళనే పెట్టుకున్న, కొస గుచ్చుకొని చీర చిరిగె. బస్టాండ్ అవతల నాటకాల సామాను అద్దెకిచ్చేటాయన పాతది తీసుకొని మెరిసేది ఇచ్చె. ఒక్క రూపాయి గూడ చేతులు మారలె. అది అమ్ముడెట్లయితది? నేను పాత జరీచీరలిచ్చి స్టీలు బిందె తీసుకుంటె, చీరలమ్ముకున్ననని ఎవరన్న అంటరా?"

ఎవరూ అనరు. అక్కడ కూర్చున్న ప్రతివాడి ఇంట్లోనూ అలా వచ్చిన బిందె ఉంది. వీధిలో కేక వినపడితే, తాత నేసిన వెండిజరీ చీర తెచ్చి ఇచ్చి, బదులుగా గిన్నె పుచ్చుకోవడం సాలెవాడలో అందరికీ అలవాటే. పాతది అలా పోతే దాన్ని అమ్మకమని ఎవరూ అనుకోరు. కొత్త కిరీటానికి చప్పట్లు కొట్టిన రోజే పాతది ఎలా పోయి ఉంటుందో ఊహించగలిగినవాళ్ళు, ఊహించలేదు. అమ్మవారి ముందు ముప్పై మందీ తమ లెక్కలో నిజమే చెప్పారు. ఆ నిజంతోనే సుగుణను దొంగను చేశారు.

జములమ్మ ఈరన్న వైపు తిరిగింది.

"కర్పూరం కండ్లకద్దుకునేటప్పుడు నీకిది యాదికి లేదారా?"

"అమ్మలేదన్న అక్కా. అబద్ధమాడలె."

"ఆడలె. నా మేనకోడలిని దొంగ అని మైకుల అంటుంటె, నేలజూసుకుంట కూసున్నవ్. నోరిప్పి ఆడితెనే అబద్ధమా? దాని తండ్రి బతికుంటె ఏమనుకుంటుండె?"

ఈరన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. "కరోనాల కొసకు చెదలు పట్టెనక్కా. మేళం మళ్ళ లేస్తదో లేదో తెల్వకపాయె. మెరిసేది తెస్తె పిల్లలు వేషం కడ్తరనుకున్న. తర్వాత ఆ పిల్ల వీడియో జూసి భయమైంది. రోజు రోజుకు చెప్పుడు కష్టమైంది."

"నీకు చెప్పుడు కష్టమైతె, దానికి పడుడు సులువైందా?"

అప్పుడే ఫోన్ మోగింది. తెర మీద సుగుణ, పక్కన తెల్లగడ్డం పెద్దాయన, మధ్యలో కిరీటం. జములమ్మ ఫోన్ తీసుకుపోయి ఈరన్న మొహానికి ఎదురుగా పట్టింది. దుకాణమాయన ఏదో అడిగాడు. సుగుణ తెలుగులో చెప్పింది.

"ఇది ఎవరిది అని అడుగుతుండు, ఈరన్న మామా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఈరన్నకు తేలికగా ఉండేదేమో. మేళం పెద్దగా వేషం కట్టి వందలమంది ముందు పద్యాలు పాడిన గొంతు, ఆ చిన్న తెర ముందు రెండుసార్లు సవరించుకోవాల్సి వచ్చింది.

"వాడది బిడ్డా. ముప్పై ఇండ్లది. నేనొక్కన్నే తీస్కపోయి మార్చుకున్న. నాకా హక్కు లేకుండె. ఆయనకు గట్లనే చెప్పు. నీది ఏ తప్పు లేదని గూడ చెప్పు."

మిగతా పెద్దలు కూడా ఒక్కొక్కరే "మాదే" అన్నారు. దుకాణమాయనకు ఇంకో అనుమానం. ఇలాంటివి చాలా ఊళ్ళలో ఉంటాయి కదా, ఇదే అది అని ఎలా చెబుతారు అన్నాడు. జములమ్మ ఫోన్ తన వైపు తిప్పుకుంది.

"లోపల పిందె తలకిందులెందుకుందో చెప్పుమను ఆయన్ని. చెప్తడా? నేను చెప్త." మద్దెల దరువు, మగ్గం గుంట, తుకారాం కత్తెర, తుమ్మజిగురు అన్నీ చెప్పింది. సుగుణ దాన్ని ఆయన భాషలోకి మార్చి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఏడవనన్న పిల్ల అప్పుడు ఏడ్చింది.

ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నా, వనపర్తి నుంచి ఎన్నో చేతులు మారి వచ్చినదాన్ని తాను కూడా డబ్బిచ్చే తీసుకున్నాడు కాబట్టి వట్టి చేతులతో మిగలలేనన్నాడు. సుగుణ తన గ్యాలరీలో ఎన్నేళ్ళుగానో ఎవరికీ ఇవ్వని ఒక పెద్ద బొమ్మ, దాన్ని వేసిన చిత్రకారుణ్ణి అడిగి ఒప్పించి, ఆయనకిచ్చింది. సాలెవాడ చేసిన పనికి సుగుణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇది తలచుకుంటే జములమ్మకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కిరీటం చేతికొచ్చింది. "ఎప్పుడొస్తవ్ బిడ్డా?" అని వాడంతా అడగడం మొదలుపెట్టింది. గణేష్ అందరికన్నా ముందు అడిగాడు. సుగుణ ఒకటే చెప్పింది.

"మా ఇంటి వంతు తీసేసింది మైకుల. నన్ను దొంగ అన్నది మైకుల. అది గాదన్నది గూడ మైకులనే చెప్పాలె. చెప్పినరోజు టికెట్ తీసుకుంట."

పెద్దలు హాలులో నాలుగు గోడల మధ్య చెబుదామన్నారు. జములమ్మ ఒప్పుకోలేదు. గణేష్ ఒక ఫ్లెక్సీ వేయించాడు. "మన కిరీటానికి ఘన స్వాగతం" అని పైన, మధ్యలో తన ఫోటో, పక్కన పెద్దల ఫోటోలు. సుగుణ ఫోటో లేదు, పేరూ లేదు. జములమ్మ దాన్ని చూడడానికి పోయి, అడుగు కూడా కదలకుండా దాని కిందే నిలబడింది.

"ఏమయ్యా గణేష్, కిరీటం నడుసుకుంట వస్తదా?"

"అంటే పెద్దమ్మా, జాగ సరిపోలె..."

"నీ మొకానికి సరిపాయె గదా. దింపు."

దింపించాక, ఆటో తెప్పించింది. దాని మీద రెండు మైకులు కట్టించింది. ముందు సీట్లో ఈరన్న, వెనక సీట్లో జములమ్మ. వాడలో మొదలై, కోటముందు బజారు, బస్టాండు, కూరగాయల సంత అన్నీ తిరిగింది ఆ ఆటో. మొదటి సందులో ఈరన్న గొంతు తగ్గించి, "సుగుణగారు కిరీటం తెస్తున్నారు" అని మాత్రమే అన్నాడు. వెనక నుంచి జములమ్మ భుజం మీద తట్టింది.

"ముందు మాట మరిస్తివి."

ఈరన్న మైకు దగ్గరికి జరుపుకున్నాడు. "సాలెవాడ తుకారాం బిడ్డ సుగుణను మేము దొంగ అన్నం. అది తప్పు. కిరీటం మార్చుకున్నది నేను, ఈరన్నను. ఎతికి పట్టింది సుగుణ. తుకారాం ఇంటి వంతు ఎప్పటిలెక్కనే ఉంటది." రెండో సందులో గొంతు కొంచెం నిలబడింది. బజారు చేరేసరికి పద్యం చదివినట్టే చదివాడు. సంతలో కూరగాయలు అమ్మేవాళ్ళు తక్కెడలు ఆపి విన్నారు. ముప్పై అయిదేళ్ళ నుంచి ఆమె దేశదేశాల్లో ఆడి, గ్యాలరీ పెట్టి, ఇందరి పేర్లు నిలబెడితే, ఆమె పేరు గద్వాల బజారులో గట్టిగా వినిపించింది ఆ రోజే. అదైనా ఒక ముసలిదాని మంకుపట్టు వల్ల వినిపించింది.

ఆ చాటింపును సుమన్ వీడియో తీసి పంపాడు. గంటలోనే సుగుణ టికెట్ తీసుకుని, దాని ఫోటో వాట్సాప్ గ్రూపులోనే పెట్టింది. కిరీటాన్ని సామాన్లలో వేయదట, చేతిలోనే పట్టుకుని వస్తుందట. రెండువేల ఇరవైఆరు మార్చి పద్నాలుగు, శనివారం పొద్దున హైదరాబాదులో దిగి, సాయంత్రానికి గద్వాల చేరుతుంది.